పళ్ళక్క లోయలోకి దిగిన రోజు

మా అక్కను మా వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. ఆమె పళ్ళు ఎత్తుగా ఉంటాయని కాదు. ఊళ్ళో పెద్దవాళ్ళలో సగం మంది నోట్లో ఉన్నవి ఆమె చేసిన పళ్ళే. డాక్టర్లు దవడ కొలత తీసిన అచ్చులు పంపిస్తారు. అక్క వాటిలో ప్లాస్టర్ పోసి, గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళను ఒక్కొక్కటిగా నిలబెట్టి, రెండు దవడలూ కలిసేదాకా రుద్దుతూ కూర్చుంటుంది. నలుగురు కలిసిన చోట ఎవరైనా నవ్వితే మనం మొహం చూస్తాం, ఆమె పళ్ళ వరస చూస్తుంది. తను చేసిన సెట్టు కనిపిస్తే పలకరిస్తుంది, పక్కవాడు చేసింది కనిపిస్తే మూతి ముడుచుకుంటుంది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, నోరు తెరిచి చూపించమంటుంది. అడిగినవాళ్ళు మళ్ళీ అడగరు.

మా ఇంట్లో వీధి వైపున్న గదే ఆమె పనిగది. నాన్న బతికి ఉండగానే ఆ గది ఆమెదని అందరి ముందూ చెప్పాడు. గోడ పొడుగునా బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, మైనం కోసే చాకులు, మెరుగు పెట్టే మోటారు, దవడలు నిలబెట్టే ఇనప చట్రాలు. నేల మీద ఎంత తుడిచినా పోని తెల్లటి పొడి. చిన్నప్పుడు ఆ గదిలోకి వెళ్ళి బయటికొస్తే నా పాదాల ముద్రలు హాలంతా పడేవి, వదిన వచ్చాక ఆ ముద్రల మీద రోజూ గొడవ. అక్క మాత్రం పొడి పడని పని పనే కాదనేది.

కిందటేడు ఆమెకు ఒక పక్క పడిపోయింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, నడక సగం దక్కింది. ఎడమచెయ్యి మాత్రం చెప్పిన మాట ఆలస్యంగా వింటుంది. వేళ్ళు ముడుచుకోమంటే ఆలోచించుకుని ముడుచుకుంటాయి. అయినా ఆసుపత్రి నుంచి వచ్చి కాస్త నిలదొక్కుకోగానే గది తలుపు తీసింది. పని నెమ్మదించింది. ఒక సెట్టు వంకరగా వచ్చి తిరిగొచ్చింది. ఒకసారి దీపం బోర్లాపడి బల్ల అంచు కాలింది. ఆ కాలిన అంచు చూసిన రోజు నుంచి అన్నయ్యకు నిద్రలేదు.

అన్నయ్య అంటే నాకు అన్నయ్య, ఆమెకు తమ్ముడు. ఉద్యోగమంతా ఒక రసాయనాల ఫ్యాక్టరీలో భద్రతా అధికారిగా చేశాడు. ఎదుట మనిషి నిలబడితే ఆయనకు మనిషి కనిపించడు, ఆ మనిషికి జరగబోయే ప్రమాదం కనిపిస్తుంది. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే రెండు మాటలు అనేసి ఊరుకునేవాళ్ళం. మంచివాళ్ళతోనే చిక్కు, వాళ్ళు మన మంచి కోసం మనల్ని అడక్కుండా అన్నీ చేసేస్తారు. ఆయన కూడా అలాగే, వీధి చివర ఫొటోస్టాట్ నడిపే అతనికి ఆ గది ఇస్తానని మాటిచ్చేశాడు. వచ్చే వారం అతను మిషన్లు దింపుతాడు. అక్కకు తెలియదు.

ఈ సంగతి నాకు ఫోన్లో చెప్పి, అందరం కలిసి రాళ్ళ లోయకు వెళ్దామన్నాడు. అక్క చాలాకాలంగా చూడాలంటున్న చోటే. గాలి మారితే మనసు తేలికపడుతుంది, అక్కడ భోజనాల దగ్గర నెమ్మదిగా చెబుతాను, నువ్వు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకో, అన్నాడు. పళ్ళు పీకే ముందు పిల్లలకు మిఠాయి చూపించినట్టుంది నీ పథకం, అన్నాను. వస్తాను గానీ నా నోటికి నేను హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను.

వ్యానులో అన్నయ్య డ్రైవరు పక్కన కూర్చుని, మలుపు వచ్చిన ప్రతిసారీ తనే బ్రేకు తొక్కాడు. వెనక నేనూ అక్కా, ఆ వెనక వదినా తినుబండారాల సంచీ. పొలాలు అయిపోయాక నేల ఒక్కసారిగా తెగిపోయింది. రోడ్డు పక్కనే పెద్ద పల్లం, ఆ పల్లం నిండా వానా గాలీ తొలిచి వదిలేసిన దిబ్బలు. ఒక చార ఇటుక రంగు, దాని కింద బూడిద రంగు, దాని కింద పాలిపోయిన పచ్చ. చెట్టన్నది లేదు. కొన్ని చోట్ల మెత్తటి మట్టి కొట్టుకుపోయి, గట్టి రాతిపలక ఒక్కటే సన్నటి మెడ మీద టోపీలా నిలబడి ఉంది. అక్క కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది. ఎలా ఉందని అడిగాను.

"చిగుళ్ళు అరిగిపోయిన నోరులా ఉంది," అంది.

పైన వ్యాను ఆగిన చోట, నిలబడి లోయ చూడడానికి కట్టిన సిమెంటు చపటా ఉంది. అక్కడి నుంచి లోయలోకి గులకరాళ్ళ దారి దిగుతుంది. పక్కనే పాతిన ఇనపకడ్డీలకు తాడు కట్టారు. కింద ఎముకలు బయటపడిన చోటు, అక్కడ తవ్వకాలు చేసేవాళ్ళ గుడారం కనిపిస్తోంది. అన్నయ్య అక్కకు నీడలో కుర్చీ వేయించాడు. ఇక్కడి నుంచే అంతా బాగా కనిపిస్తుందన్నాడు. ఈ గులకరాళ్ళ మీద ఊతకర్ర జారుతుందన్నాడు. ఆ మాట నిజమే. అక్క ఆ మాటను పూర్తిగా ఒప్పుకుని, కర్ర ఆయన చేతిలో పెట్టింది. తర్వాత దారి మొదట్లో కూలబడి, కాళ్ళు చాపి, కుడిచేత్తో తాడు పట్టుకుని, కూర్చునే దిగడం మొదలుపెట్టింది. చీర అంతా మట్టయింది. ఎదురుగా ఎక్కుతున్న కుటుంబం ఒకటి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. అన్నయ్య కర్ర పట్టుకుని వెనకే, అక్కా ఆగు, అక్కా చూసుకో, అంటూ దిగాడు. నేను నవ్వు ఆపుకోలేదు, ఆపుకోవాల్సిన అవసరమూ కనపడలేదు.

కింద మాకు ఎదురైంది తవ్వకాల దగ్గర పనిచేసే అమ్మాయి. మొహం ఎండకు కమిలి, వెడల్పు టోపీ కింద మెడకు తడిగుడ్డ చుట్టుకుని ఉంది. చూడొచ్చిన వాళ్ళకు చూపించడం కూడా ఆమె పనే. ఒకప్పుడు ఇక్కడ ఏరు ఉండేదనీ, నీళ్ళకు వచ్చిన జంతువులు ఒండ్రులో కూరుకుపోయాయనీ, వాటి ఎముకలు రాళ్ళయి ఇప్పుడు ఒక్కొక్క వానకూ బయటపడుతున్నాయనీ చెప్పింది. రాయేదో ఎముకేదో ఎలా తెలుస్తుందని వదిన అడిగితే, ఆ అమ్మాయి కింద నుంచి ఒక చిన్న ముక్క తీసి నాలుక్కి తాకించింది. ముక్క నాలుకను పట్టుకుని వేలాడింది. ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి, అవి తడిని పీలుస్తాయి, అందుకే అతుక్కుంటుంది, వట్టి రాయైతే జారిపోతుంది, అంది.

అన్నయ్యకు ఆ దృశ్యం చాలు. అంటురోగాల గురించి మొదలుపెట్టాడు. అక్క ఈలోపు ఒక ముక్క నోట్లో పెట్టేసుకుంది. జారింది. ఇంకోటి పెట్టింది. అదీ జారింది. పన్ను ఆకారంలో ఉన్న ప్రతిదీ ఏరి నాలుక మీద పెట్టింది, ఒక్కటీ అతుక్కోలేదు. జీవితమంతా పళ్ళు చూసిన కళ్ళకు ప్రతి గులకరాయిలోనూ పన్నే కనపడుతోందని నేను ఏడిపించాను. అమ్మాయి కూడా నవ్వింది. దొరికినా తీసుకెళ్ళడానికి వీల్లేదని గుర్తుచేసింది. తీసుకెళ్ళడానికి కాదు, తెలుసుకోవడానికి, అని అక్క చేతిలోవన్నీ అక్కడే వదిలేసి మట్టి ఉమ్మింది. ఏడాది తర్వాత ఆమె మొహంలో అంత తేటదనం చూశాను. ఈ తేటదనం మధ్యాహ్నం దాకానే కదా అనుకున్నాను.

బయటికి పొడుచుకొచ్చిన రాతిపలక నీడలో భోజనానికి కూర్చున్నాం. రొట్టె, ఉడికించిన గుడ్లు, దోసకాయ ముక్కలు, వాటి మీదికి వదిన కట్టిన ఉప్పు పొట్లం. అన్నయ్య నాకేసి సైగ చేశాడు. నేను చెయ్యి పట్టుకోలేదు, దోసకాయ తిన్నాను. ఆయన గొంతు సవరించుకుని, ఆరోగ్యంతో మొదలుపెట్టి, విశ్రాంతి మీదుగా, కాలిన బల్ల దగ్గర కాసేపు ఆగి, ఫొటోస్టాట్ అతని దగ్గరికి వచ్చాడు. అతను నెమ్మదస్తుడన్నాడు. మంటతో పనిలేని వ్యాపారమన్నాడు. నీ సామానంతా జాగ్రత్తగా పెట్టెల్లో సర్దించి అటక మీద పెట్టిస్తానన్నాడు.

అక్క గుడ్డు తింటూనే ఉంది. నమిలింది, మింగింది, నీళ్ళు తాగింది.

"నన్నడగలేదే," అంది.

"అడిగితే ఒప్పుకుంటావా అక్కా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు," అన్నాడు అన్నయ్య. ఆయన ఎంత నిజాయితీగా చెప్పాడంటే, నాకు చేతిలో ఉన్న గ్లాసు విసిరెయ్యాలనిపించింది. విసిరెయ్యలేదు గానీ నోరు తెరిచాను. అక్క కళ్ళతోనే వద్దంది. ఈ పోట్లాట ఆమెది.

అప్పుడే గాలి తిరిగింది. అవతలి గట్టు మీద మబ్బు నల్లగా పైకి లేచింది. తవ్వకాల అమ్మాయి గుడారం దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది. ఒక పెద్ద కాలి ఎముక సగం బయటికి తీసి ఉంది, వాన పడితే పొడి పొడి అయిపోతుంది. ఇంత గట్టి రాతి ఎముక వానకు ఎందుకు కరుగుతుందని నేను అడిగితే, పగుళ్ళలోకి నీళ్ళు దిగితే అంతే సంగతులు, అంది. ప్లాస్టర్‌లో ముంచిన గోనెగుడ్డ చుట్టి గట్టిపడనివ్వాలి, తనతో పనిచేసే ఇద్దరూ వ్యాను తేవడానికి వెళ్ళారు, ఎవరైనా రెండు చేతులు సాయం చేస్తారా, అని అడిగింది.

ప్లాస్టర్ అన్న మాట వినగానే అక్క లేచింది. అన్నయ్య, నీ చేతులతోనా, అన్నాడు. ఆ మాట వెక్కిరింపుగా అనలేదు, భయంతో అన్నాడు. ఏ రకంగా అన్నా ఆ మాట ఆ మాటే.

అమ్మాయి, ప్లాస్టర్ అంటుకోకుండా ఎముక మీద తడి కాగితాలు పరుస్తూ, ప్లాస్టర్ కలపడం మీకు తెలుసా, అంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే పని, అంది అక్క. బకెట్లో నీళ్ళు పోయించింది. సంచీ మూతి నాతో విప్పించి, పొడి జల్లించినట్టు నీళ్ళ మీద రాల్చింది. నీళ్ళు పొడిని తాగేదాకా ఆగింది. తర్వాత మబ్బుకేసి చూసి, భోజనం దగ్గర నుంచి లేస్తూ కొంగున దోపుకున్న ఉప్పు పొట్లం విప్పి అందులో కుమ్మరించింది. అలవాటు. పనిగదిలో దవడల చట్రానికి అచ్చు బిగించేటప్పుడు చిటికెడు ఉప్పు వేస్తే ప్లాస్టర్ తొందరగా బిగుస్తుంది. వాన తరుముకొస్తోంది కనుక ఇక్కడా తొందరగా బిగిస్తే మంచిదే కదా అనుకుంది. అక్కడ గిన్నెడు ప్లాస్టర్‌ను ఒక్క చేత్తో క్షణంలో పోసేస్తుందనీ, ఇక్కడ గుడ్డ పీలికలు ఒక్కొక్కటీ ముంచి తీయాలనీ, పైగా ఇది ఎండకు కాగిన నీళ్ళనీ ఆమెకు తోచలేదు.

మొదటి పీలిక ముంచి తీశాం. రెండోది సగం మునిగి అక్కడే ఆగిపోయింది. బకెట్ వేడెక్కింది. అక్క కుడిచెయ్యి లాక్కుంది, ఎడమచెయ్యి ఆలోచించుకుంటూ ఉండిపోయింది, నేను పట్టి లాగాను. పీలిక నిటారుగా పాతుకుని, బకెట్ అంతా ఒకే ముద్దయి బిగుసుకుపోయింది. అమ్మాయి వచ్చి వేలితో తట్టి చూసింది. టకటకమంది.

వదిన తల తిప్పుకుంది. అన్నయ్య వచ్చి చాలా మెల్లగా, చాలా ప్రేమగా, అక్క భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పటికైనా నా మాట విను అక్కా, ఇంక చాలు, అన్నాడు. ఆయన గెలిచేశాడనుకున్నాను.

అక్క ఆ చెయ్యి తీసేసింది.

"పాడు చేశాను. ఎవరు కాదన్నారు? చెయ్యి బాగున్న రోజుల్లో నేనెన్ని పాడు చేశానో నీకు తెలుసట్రా? బుట్టలకు బుట్టలు పారబోశాను. కొలత తప్పి, రంగు తప్పి, మైనం కారిపోయి. అప్పుడొక్కడూ గది ఖాళీ చెయ్యమనలేదు. పోనీలే, ఇంకోటి చెయ్యి అన్నారు. ఇప్పుడు చెయ్యి వంకరపోయింది కాబట్టి, ఒక్కటి పాడైతే ఇంక చాలా?"

అన్నయ్య ఏదో అనబోయాడు. నీ మంచికే, అన్న మాట సగం వినపడింది.

"నా మంచి నన్నడిగి చెయ్యి," అంది. అమ్మాయి వైపు తిరిగి, "ఉప్పు వేశానమ్మా, అదీ నేను చేసింది. ఇంకో సంచీ ఉందా?"

ఉందట, ఒక్కటే ఉందట. అమ్మాయి మబ్బు చూసింది, ఎముక చూసింది, అక్క చెయ్యి చూసింది. ఆ పిల్ల మొహమాటపడితే నాకు నచ్చేది కాదు. మొహమాటపడలేదు. ఈసారి నేనే కలుపుతాను, గుడ్డలు మీరు వెయ్యండి, అంది. అక్క ఒక్క క్షణం చూసి, సరే నీ ఎముక, నీ ఇష్టం, అంది.

అక్క ఆ ఎముక పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. నేను పీలికలు అందించాను. ఆమె కుడిచేత్తో పరిచి, అంచులు వేళ్ళతో నొక్కి, పని చెయ్యని ఎడమ అరచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని దానితోనే రుద్దింది. వేళ్ళు మాట వినకపోయినా అరచెయ్యికి బరువుంటుంది కదా. అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస. రెండుచోట్ల ముడతలు వచ్చాయి. ఒకచోట పీలిక జారిపోతే తీసి మళ్ళీ వేసింది. అమ్మాయి ఒక పీలిక సరిచేస్తే, అక్క చెయ్యి పక్కకు తీసి చోటిచ్చింది. ఏమాటకామాట, అందంగా మాత్రం రాలేదు. మూటలా ఉంది. మొదటి చినుకులు పడేసరికి పైభాగం బిగుసుకుంది, అమ్మాయి దాని మీద టార్పాలిన్ కప్పి రాళ్ళు పెట్టింది. చాలండీ, ఇది ఆగుతుంది, అంది. వదిన వచ్చి, ఎవరూ చెప్పకుండానే, అక్క చేతులు కడగడానికి నీళ్ళ సీసా పట్టింది.

అక్క చేతులు కడుక్కోలేదు. అన్నయ్య వైపు తిరిగి, ఆ ఫొటోస్టాట్ అతనికి ఇప్పుడే ఫోన్ చెయ్యమంది. ఇంటికెళ్ళాక మాట్లాడదామన్నాడు. ఇప్పుడే అంది. మాటిచ్చాను, ఏ మొహం పెట్టుకుని చెప్పను, అన్నాడు. ఆ మాట నన్ను రెచ్చగొట్టింది. ఆయనది కాని గది మీద ఆయన ఇచ్చిన మాటకు ఆమె ఎందుకు కట్టుబడాలని అడిగేశాను. హామీ ఇవ్వలేనని ముందే చెప్పాను కదా. అక్క నన్ను వారించి, అన్నయ్యతో, నువ్వు చెప్పొద్దురా, నేనే చెప్తాను, నంబరు కలిపి ఇవ్వు, అంది.

లోయలో సిగ్నల్ లేదు. పైన చపటా దగ్గరే వస్తుంది. సన్నటి తుంపర పడుతోంది, గులకరాళ్ళు తడిశాయి. దిగడానికి కూర్చుని దిగింది, ఎక్కడానికి కూర్చుంటే కుదరదు. తాడు పట్టుకుని రెండు అడుగులు వేసి, జారి, మోకాళ్ళ మీద పడింది. అన్నయ్య చంకల కింద చేతులు పెట్టి లేపబోయాడు. ముందు అడుగు, అంది. ఆయనకు అర్థం కాలేదు. అడిగి పట్టుకో, అంది. అన్నయ్య ఆ వానలో నిలబడి, అక్కా, పట్టుకోనా, అని అడిగాడు. జీవితంలో ఆయన ఎవరినైనా అలా అడగడం నేను మొదటిసారి విన్నాను. వద్దు, వెనకాల ఉండు, పడితే పట్టుకో, అంది అక్క. మోకాళ్ళ మీద, మోచేతుల మీద, ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఆ దారంతా ఎక్కింది. ఆయన వెనకాలే, చేతులు చాచుకుని, తాకకుండా ఎక్కాడు.

పైకొచ్చాక చపటా మెట్టు మీద కూర్చుంది. ఒళ్ళంతా బురద, మోచేతుల దాకా ఎండిన ప్లాస్టర్. అన్నయ్య ఫోన్ తుడిచి, నంబరు కలిపి, తన చేత్తోనే ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"నేను బాబూ, పళ్ళక్కను," అంది. "మా తమ్ముడు నీకొక గది చెప్పాడట. అది ఖాళీ లేదు. అందులో నేనున్నాను."

అవతల అతను పాపం మర్యాదగానే ఏదో అడిగాడు. ఇంకా ఎన్నాళ్ళుంటారని కాబోలు.

"ఉన్నన్నాళ్ళూ," అంది అక్క.